పాలు పడటం, పాలు చేపడం

ఎల్లారెడ్డి దగ్గర మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు పొద్దున్నే చెంబు పట్టుకుని బర్రె పక్కన నిలబడేదాన్ని. తొందరపెడితే నాయనమ్మ "ఆగు బిడ్డా, ఇంక చేపలే" అనేది. దుడ్డె ముందు మూతితో పొదుగుని కుమ్మాలి, బర్రె దాన్ని కాసేపు నాకాలి. ఉన్నట్టుండి చన్నులు నిండుగా బిగిసేవి. అప్పుడు దుడ్డెను పక్కకి లాగి కట్టేసి పిండటం మొదలుపెట్టేది. ఎవరైనా కొత్తవాళ్ళు కొట్టంలోకి వచ్చినా, కుక్క మీదికి వచ్చినా ధార ఆగిపోయేది. "ఎగజేపింది" అని విసుక్కుని లేచేది. పాలు లేవని కాదు. ఉన్నాయి, కానీ దించట్లేదని.

ఇదే నాయనమ్మ బాలింతను చూడ్డానికి వెళ్తే అడిగే మొదటి మాట వేరు: "పాలు పడ్డయా?"

పడటం ఒకటి, చేపడం ఒకటి. ఒకటి పాలు తయారవడం, రెండోది తయారైన పాలు దిగడం. చేపు అన్న మాట ఇప్పుడు నగరాల్లో దాదాపు వినపడదు గానీ, పంతొమ్మిదో శతాబ్దపు బ్రౌన్ నిఘంటువులో ఉంది, పశువులున్న ఇళ్ళల్లో ఇంకా ఉంది. ఆధునిక వైద్యశాస్త్రం ఈ రెంటినీ విడదీయడానికి ఇరవయ్యో శతాబ్దంలో సగం ఖర్చుపెట్టింది. విడదీశాక కూడా ఆ తేడా ప్రసూతి వార్డుల దాకా పూర్తిగా చేరలేదు.

నాకది అర్థమైంది కొన్నేళ్ళ కిందట, మా అక్క కామారెడ్డిలో ఒక ఆస్పత్రిలో సిజేరియన్ అయి పడుకున్నప్పుడు. మూడో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడి ముట్టుకుంటే ఏడుస్తోంది. పాప నోట్లోకి మాత్రం చుక్క రావట్లేదు. "తల్లికి పాలు లేవు, డబ్బా తెచ్చుకోండి" అని చెప్పి వెళ్ళిపోయారు. గది నిండా చుట్టాలు. ఒక్కొక్కరూ ఒక్కో సలహా. అక్క మొహం గోడవైపు తిప్పేసుకుంది. నాయనమ్మ వచ్చి చూసి, "పాలు పడ్డయి. చేపుతలేవు, అంతే. పిల్లను దాని పక్కన పండవెట్టి మీరందరు బయటికి నడువుండ్రి" అంది. ఆ రాత్రే అద్భుతం ఏమీ జరగలేదు. ఇంకో రెండు రోజులు డబ్బా నడిచింది. తర్వాత మెల్లగా మానేసింది. కానీ ఆ గదిలో సరైన మాట తెలిసింది ఒక్క నాయనమ్మకే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

*

పాలు ఎక్కణ్ణుంచి వస్తాయన్న ప్రశ్నకి పాత ప్రపంచం దాదాపు అంతటా రక్తం వైపు చూపించింది. గర్భంలో బిడ్డను పోషించిన నెత్తురే ప్రసవం తర్వాత రొమ్ముల్లోకి ఎక్కి తెల్లబడుతుందని గ్రీకు వైద్యులు నమ్మారు. గాలెన్ చెప్పిన ఈ మాట ఎంత గట్టిగా నాటుకుందంటే, పదిహేనో శతాబ్దం చివర్లో లియొనార్డో డావించి గీసిన ఒక శరీరచిత్రంలో గర్భాశయం నుంచి రొమ్ముకి ఒక నాళం కూడా కనిపిస్తుంది. అలాంటి నాళం ఏ శరీరంలోనూ లేదు. పుస్తకంలో ఉంది కాబట్టి బొమ్మలోకి వచ్చేసింది.

మన ఆయుర్వేదం స్తన్యాన్ని రసధాతువు నుంచి పుట్టిన ఉపధాతువు అంది. కానీ సుశ్రుత సంహితలో ఇంకో పరిశీలన ఉంది. బిడ్డను తాకినా, చూసినా, తలచుకున్నా, ఎత్తుకున్నా పాలు ప్రవహిస్తాయని, ఎడతెగని స్నేహమే దానికి కారణమని అంటాడు. ఇది అచ్చంగా చేపు గురించిన వర్ణన. పక్కింటి పాప ఏడుపు విని జాకెట్ తడిసిపోయిన ఏ తల్లయినా దీన్ని ఒప్పుకుంటుంది.

చిక్కల్లా అదే గ్రంథంలోని ఇంకో మాటతో. తల్లికి పాలు పోవడానికి కారణాలు చెబుతూ కోపం, శోకం, వాటితోపాటు అవాత్సల్యం అంటుంది. అంటే బిడ్డ మీద ప్రేమ లేకపోవడం. పాలు మనసుకి కట్టుబడి ఉంటాయన్న పరిశీలన సరైనదే. కానీ అక్కణ్ణుంచి ఒక్క అడుగు వేస్తే, పాలు రాని ఆడది ప్రేమ లేని ఆడది అవుతుంది. "ఏం తల్లివమ్మా" అన్న ఎత్తిపొడుపుకి అంత పాత వేరు ఉంది.

*

ఆ వేరుని కదిలించిన పని ప్రసూతి ఆస్పత్రుల్లో మొదలవలేదు. మేకల దగ్గర, ఆవుల దగ్గర, పావురాల దగ్గర మొదలైంది.

1906లో లండన్‌లో హెన్రీ డేల్ పిట్యూటరీ గ్రంథి వెనక భాగం సారాన్ని ఎక్కిస్తే పిల్లి గర్భాశయం ముడుచుకుపోవడం గమనించాడు. 1910లో అమెరికాలో ఐజాక్ ఆట్, జాన్ స్కాట్ అదే సారాన్ని పాలిచ్చే మేకకి ఎక్కిస్తే కాసేపట్లోనే పాలు ధారగా వచ్చాయి. పాల ఉత్పత్తిని పెంచే మందు దొరికిందన్న మాట మొదలైంది. ఇలినాయ్‌లో గెయిన్స్ అనే పరిశోధకుడు 1915లో దాన్ని సరిదిద్దాడు. ఆ సారం కొత్తగా పాలు పుట్టించట్లేదు, లోపల అప్పటికే ఉన్నవాటిని బయటికి నెడుతోంది, ఉత్పత్తి వేరు, విడుదల వేరు అన్నాడు. మా నాయనమ్మ మాటల్లో చెప్పాలంటే, ఇది పడటం కాదు, చేపడం. ఆయన మాటని పాతికేళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1941లో మిన్నెసోటాలో ఈలీ, పీటర్సన్ ఆవు పొదుగులో ఒక సగానికి వెళ్ళే నరాలు కోసేశారు. అయినా పితికే సమయానికి రెండు సగాలూ ఒకేలా చేపాయి. అంటే సంకేతం మెదడు నుంచి పొదుగుకి నరాల మీదుగా రావట్లేదు, నెత్తురులో వస్తోంది. తర్వాత ఆవుని భయపెట్టి చూశారు. వీపు మీద పిల్లిని పెట్టారు, పక్కన కాగితపు సంచులు టప్పుమని పేల్చారు. పాలు ఆగిపోయాయి. భయంలో ఊరే అడ్రినలిన్‌ని విడిగా ఎక్కించినా అదే జరిగింది. ఎగజేపడం అంటే ఏమిటో ప్రయోగశాలలో తేలింది.

దాని వెనకున్న పని ఇది. బిడ్డ చప్పరించగానే చనుమొన నరాలు మెదడులోని హైపోథాలమస్‌కి కబురు పంపిస్తాయి. అక్కడ తయారై, పిట్యూటరీ వెనక భాగంలో నిలవున్న ఆక్సిటోసిన్ నెత్తుటిలోకి దిగుతుంది. రొమ్ములో పాలు తయారయ్యే చిన్నచిన్న తిత్తుల చుట్టూ బుట్ట అల్లినట్టు కండర స్వభావమున్న కణాలుంటాయి. ఆక్సిటోసిన్ తగలగానే అవి ముడుచుకుని తిత్తుల్ని పిండుతాయి. అదే చేపు. నొప్పి, భయం, కంగారు ఈ దారికి అడ్డం పడతాయి. ఆక్సిటోసిన్ విడుదల తగ్గుతుంది, అడ్రినలిన్ రొమ్ములోని రక్తనాళాల్ని బిగిస్తుంది. తిత్తుల నిండా పాలున్నా బయటికి రావు. మా అక్క మూడో రోజు అదే.

పాలు పడటం కథ ఇంకోలా నడిచింది. 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ పిట్యూటరీ ముందు భాగం సారంతో ఈనని కుందేళ్ళలో పాలు పుట్టించారు. 1930ల మొదట్లో ఆస్కర్ రిడిల్ పావురాల మీద పనిచేస్తూ ఆ పదార్థానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టాడు. పావురాలు పిల్లలకి గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని పెడతాయి. తల్లి పావురమే కాదు, తండ్రి పావురం కూడా. మనుషుల్లో ఈ ప్రొలాక్టిన్ విడిగా ఉందా, లేక గ్రోత్ హార్మోనే ఆ పని కూడా చేస్తోందా అన్న అనుమానం 1970 దాకా తీరలేదు. ఆక్సిటోసిన్ నిర్మాణాన్ని విన్సెంట్ డువిన్యో 1953లోనే తేల్చి, కృత్రిమంగా తయారుచేసి, 1955లో నోబెల్ కూడా తీసుకున్నాడు. చేపించే హార్మోన్ మందుల షాపులోకి వచ్చాక, పాలు పుట్టించే హార్మోన్ మనిషిలో ఉందని రుజువవడానికి ఇంకో పదిహేనేళ్ళు పైనే పట్టిందన్న మాట.

గర్భిణీగా ఉన్నప్పుడే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కానీ మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ దాన్ని పని చేయనివ్వదు. కాన్పయి మాయ బయటపడగానే ఆ పట్టు వదులుతుంది. రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. ఆ లోపు వచ్చే కొద్దిపాటి ముర్రుపాలు అప్పుడే పుట్టిన బిడ్డ కడుపుకి సరిపోతాయి. మొదటి రోజు ధార రాకపోవడం లోపం కాదు, శరీరం నడిచే క్రమం అంతే. ఈ రెండు మూడు రోజుల ఖాళీలోనే ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, చక్కెర నీళ్ళు తాగించడం, ఇప్పుడు డబ్బా తెరవడం, అన్నీ జరుగుతాయి.

మన పాఠ్యపుస్తకాల్లో పిట్యూటరీకి పీయూష గ్రంథి అని పేరు. పిట్యూటరీ అనే మాటకి లాటిన్ మూలం కఫం. ఆ గ్రంథి నుంచి ముక్కులోకి చీమిడి కారుతుందని పాత శరీరశాస్త్రజ్ఞులు అనుకున్నారు. సంస్కృతంలో పీయూషం అంటే అమృతం, ఈనిన కొత్తలో ఆవు ఇచ్చే పాలు కూడా. శబ్దంలో దగ్గరగా ఉన్న మాట అర్థంలో అసలు పేరు కంటే నయంగా కుదిరింది.

పాలు నిజంగానే పడని తల్లులూ ఉన్నారని ఈ పీయూష గ్రంథే చెబుతుంది. 1937లో హెరాల్డ్ షీహన్ అనే బ్రిటిష్ వైద్యుడు, కాన్పులో విపరీతంగా నెత్తురు పోయిన స్త్రీలలో ఈ గ్రంథి దెబ్బతిని చచ్చిపోవడాన్ని వివరించాడు. దాని మొదటి లక్షణాల్లో ఒకటి పాలు పడకపోవడం. ఇళ్ళల్లో మంత్రసానుల చేతుల మీద కాన్పులైన కాలంలో చావు అంచుదాకా వెళ్ళొచ్చి, పాలు లేక, నెలసరి ఆగి, ఎప్పుడూ నీరసంగా మిగిలిపోయిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండి ఉంటారు. వాళ్ళని జనం గొడ్డుమోతు అనో, పాపిష్ఠి అనో అని ఉంటారు. నెత్తురు చాలక ఆగిపోయిన ఒక గ్రంథి అని ఎవరూ అని ఉండరు.

*

1948లో నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే భార్యాభర్తలు ఆవుల దగ్గర తేలిన విషయాన్ని మనిషి దగ్గర పరీక్షించారు. ఒకే ఒక తల్లి, ఏడు నెలల బిడ్డ. మామూలుగా పాలిచ్చినప్పుడు బిడ్డ తాగింది సగటున 168 గ్రాములు. తల్లి కాళ్ళు ఐసు నీళ్ళలో పెట్టించి, కాలివేళ్ళు నొప్పి పుట్టేలా లాగి, గబగబా లెక్కలడిగి కంగారు పెట్టినప్పుడు 99 గ్రాములు. అదే కంగారులో ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే 153. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగమే గానీ, చెప్పాల్సింది చెప్పింది. ఐసు నీళ్ళలో కాళ్ళున్నప్పుడూ ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ అంతే ఉంది. పాలు కూడా ఉన్నాయి. దిగలేదు. అవాత్సల్యం అనే అభియోగం ఇక్కడ కొట్టుకుపోయింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే తెలంగాణలో ఇంకో రకం పరీక్ష జరుగుతోంది. నిజాం రాజ్యంలోని వెట్టి గురించి, సాయుధ పోరాటం గురించి చెప్పుకునే జ్ఞాపకాల్లో ఒక కథ మళ్ళీ మళ్ళీ వస్తుంది. దొర పొలంలో వెట్టికి వచ్చిన బాలింత, గట్టు మీదో ఇంటి దగ్గరో ఉన్న పసిదానికి పాలిచ్చి వస్తానని అడుగుతుంది. నిజంగా పాలున్నాయో లేదో పిండి చూపించమంటారు. అందరి ముందూ పిండి చూపిస్తే పంపేవాళ్ళట, లేకపోతే లేదు. ఎక్కువగా జనగామ వైపు గడీల పేరుమీద చెబుతారు గానీ, వెట్టి ఉన్న చోటల్లా జనం ఈ కథని తమదిగానే చెప్పుకున్నారు.

మనం ఈ కథని అవమానం కథగా వింటాం. అది నిజమే. కానీ హార్మోన్ల సంగతి తెలిశాక ఇంకోలా కూడా వినిపిస్తుంది. భయంతో, సిగ్గుతో, పదిమంది మగవాళ్ళ చూపుల మధ్య నిలబడ్డ మనిషికి చేపు రాదు. రొమ్ముల నిండా పాలుండి కూడా చుక్క రాలక, "అబద్ధమాడినవ్" అనిపించుకుని మళ్ళీ నాట్లలోకి దిగినవాళ్ళు ఎంతమందో. ఎవరికి ఆ స్థితి కల్పించారో వాళ్ళనే దొంగలుగా తేల్చే పరీక్ష అది.

*

మూడో సంగతి ఇంకా తర్వాత తెలిసింది. పాలు ఎంత తయారవ్వాలో హార్మోన్లొక్కటే నిర్ణయించవు, ఏ రొమ్ముకారొమ్ము విడిగా లెక్క చూసుకుంటుంది. 1980లలో స్కాట్లండ్‌లోని హానా పరిశోధనా సంస్థలో మేకల పొదుగుని ఒక వైపు ఎక్కువసార్లు, ఇంకో వైపు తక్కువసార్లు పితికి చూశారు. ఎక్కువ తీసిన వైపు ఎక్కువ ఊరాయి. రెండు వైపులకీ అందే నెత్తురు ఒకటే, హార్మోన్లు ఒకటే. నిలవుండిపోయిన పాలే ఇంక చాలని కణాలకి చెబుతున్నాయి.

ఎల్లారెడ్డి అవతల మంజీరలో ఎండాకాలం ఇసకలో చెలిమె తవ్వుకుని నీళ్ళు పట్టుకున్నవాళ్ళకి ఈ లెక్క కొత్తది కాదు. తోడితేనే ఊరుతది. తోడకపోతే పూడుతది. పాలు చాలట్లేదని ఒక పూట డబ్బా పడితే ఆ పూట రొమ్ము నిండుగా మిగిలిపోతుంది. మర్నాడు కొంచెం తక్కువ ఊరుతుంది. మళ్ళీ చాలలేదనిపిస్తుంది. డబ్బా పాల వ్యాపారం బతికేదే ఈ వలయం మీద. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటి ప్రచారం మీద నియమావళి తెచ్చింది, 1992లో మన దేశం చట్టం చేసి ప్రకటనల్ని నిషేధించింది. బోర్డులు పోయాయి. "తల్లికి పాలు లేవు" అన్న నోటిమాట మాత్రం ఏ చట్టానికీ అందలేదు.

పేదరాలికి తిండి లేదు కాబట్టి పాలుండవు అన్న నమ్మకం ఇంకొకటి. పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ 1958లో పేద భారతీయ తల్లుల పాలిచ్చే శక్తి మీద అధ్యయనం ప్రచురించారు. ఆయన పనిచేసిన పరిశోధనాశాలే కూనూరు నుంచి హైదరాబాద్‌కి వచ్చి ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. చాలీచాలని తిండితోనూ ఆ తల్లులు నెలల తరబడి చెప్పుకోదగ్గంత పాలిస్తున్నారని తేలింది. బిడ్డ వాటాలో పెద్ద కోత పడట్లేదు. పడేది తల్లి ఒంట్లో. కాబట్టి బాలింతకి పెట్టే జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, మెంతులు, అంగన్‌వాడీలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఇస్తున్న భోజనం, గుడ్డు, గ్లాసు పాలు ముందుగా కావలసింది ఆమె కోసమే. "పాలు పడాలి, తిను" అని కాదు, "తిను" అంటే చాలు.

*

ఆక్సిటోసిన్ మన ఊళ్ళకి వచ్చిన దారి మాత్రం ఆస్పత్రి ఒక్కటే కాదు. దూడ చచ్చిపోయిన బర్రె చేపదు. పాతకాలంలో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్ళు. తర్వాత ఆ పనిని ఒక చిన్న ఇంజెక్షన్ చేసింది. దూడ ఉన్నా లేకున్నా, రెండు పూటలా సూది పొడిచి పిండుకునే అలవాటు దేశమంతా పాకింది. దీన్ని ఆపాలని కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీలు దేశీయ అవసరాలకి ఆక్సిటోసిన్ తయారుచేయకుండా నిషేధించింది. ఒకే ఒక ప్రభుత్వ సంస్థ తయారుచేస్తుందంది. కాన్పు తర్వాత నెత్తురు ఆగడానికి ప్రతి ప్రసూతి గదిలోనూ ఉండాల్సిన మందు అది. కొరత వస్తే చచ్చేది తల్లులని కోర్టుకెళ్ళారు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. షీహన్ చూసిన స్త్రీలకి కావలసింది ఈ మందే. దాన్ని మనం బర్రెలకి పొడిచి, పొడుస్తున్నామని తల్లులకి దూరం చేయబోయాం.

కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. పాల గురించి చదువు అక్కడ డిగ్రీ. పై చరిత్రంతా చూస్తే అది న్యాయంగానే అనిపిస్తుంది. పాలు ఎలా పడతాయో, ఎలా చేపుతాయో తెలిసిందంతా అమ్ముకునే పాల కోసం పెట్టిన ఖర్చులోంచే వచ్చింది. తల్లిపాలని ఎవరూ కొనరు కాబట్టి వాటి శాస్త్రం మేకల వెనకా ఆవుల వెనకా నడిచి వచ్చింది.

పాలు ఊరడానికి, చేపడానికి కావలసింది బిడ్డ దగ్గరుండటం, కాస్త టైము, కాస్త నెమ్మది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగంలోకి తిరిగొచ్చిన తల్లికి బిడ్డకి పదిహేను నెలలు నిండే దాకా రోజుకి రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలంది. గట్టు మీద పిండి చూపించమన్న రోజుల తర్వాత అది చిన్న విషయం కాదు. కానీ కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఏ గల్లీలోకి వెళ్ళినా చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. 1966 బీడీ కార్మికుల చట్టంలో ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్న కార్ఖానాకి శిశుసదనం ఉండాలని రాసుండేది. వీళ్ళకి కార్ఖానా లేదు, ఇల్లే కార్ఖానా. కూలి వెయ్యి బీడీల లెక్క. బిడ్డ ఏడిస్తే చేట దించాలి, లేచి చేతులకంటిన తంబాకు కడుక్కోవాలి, ఎత్తుకోవాలి, చేపేదాకా కూర్చోవాలి. ఆ టైములో చుట్టాల్సిన బీడీలు మిగిలిపోతాయి. మొగుడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే ఇంకో చెయ్యి కూడా లేదు. విరామం ఇవ్వడానికి యజమాని ఎదురుగా లేడు. ఆపేవాడు కూడా కనపడడు. లెక్క ఒక్కటే ఉంటుంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. అక్క పాప బడికెళ్తోంది. ఆ రోజు ఆస్పత్రి గదిలో ఆమె చేసింది ఆలోచిస్తే చాలా తక్కువ. రెండు క్రియల్లో సరైనదాన్ని వాడింది, జనాన్ని బయటికి పంపించింది. పాలు లేవు అంటే నేరం అక్కది. చేపుతలేవు అంటే అడగాల్సిన ప్రశ్న మాది: ఆమె చుట్టూ ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టారు.